నలభై రెండు మందికి చేరిన నా మూర్ఛను నాకొక్కదానికే తిరిగి ఇప్పించుట గురించి

చంద్రపూర్,
16 ఏప్రిల్ 1999.

వైద్య కళాశాల డీన్ గారు, ఆరోగ్య ప్రశ్నావళుల తులనాత్మక సమితి అధ్యక్షులు అయిన తమ సముఖమునకు,

అయ్యా,

విషయం: కాగితపు ప్రశ్నావళి ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థులు నలభై రెండు మందికీ ఉన్నట్లు తేలిన మూర్ఛవ్యాధిని నలభై ఒక్కమందికి రద్దుచేసి, నాకు మాత్రమే ఉంచి, నన్ను పరీక్షకు అనుమతించుట గురించి.

సూచిక: తమ నోటీసు, తేదీ 5-4-99.

1. నేను తమ కళాశాలలో మొదటి సంవత్సరం చదువుచున్నాను. రోల్ నంబరు 17. మా నాన్నగారు బాపయ్య బొగ్గుగనిలో కార్మికులు. ఈ అర్జీ తెలుగులో రాస్తున్నందుకు మన్నించవలెను. ఇంగ్లీషు, మరాఠీ, హిందీలలో వచ్చే అర్జీలను తమకంటే ముందు కార్యాలయంలో నలుగురు చదువుతారని తెలిసింది. తమరిది తెలుగు సరిహద్దు ఊరైన లక్కడ్‌కోట్ అని, అక్కగారితో ఫోనులో తెలుగే మాట్లాడతారని కూడా తెలిసింది. (వినాలని వినలేదు. తలుపు తీసి ఉంది.) తెలుగు నేను బడిలో చదువుకోలేదు. మా అమ్మ దాచుకున్న పాత వారపత్రికలు చూసి నేర్చుకున్నాను. ఇందులో తప్పులుంటే అవి నా సొంతం.

2. 5-3-99 శుక్రవారం నాడు మా తరగతిలో అందరికీ అరవై నాలుగు ప్రశ్నల ఆరోగ్య ప్రశ్నావళి కాగితాలు పంచారు. సోమవారం తిరిగి ఇవ్వాలన్నారు. అవే ప్రశ్నలు తరవాతి వారం కంప్యూటరు ద్వారా అడుగుతామని, రెండు రకాల జవాబులూ పోల్చి చూసి, వైద్య విద్యార్థుల ఆరోగ్యం తెలుసుకోవడానికి కాగితం మేలా, కంప్యూటరు మేలా అన్నది తేలుస్తామని చెప్పారు. కాగితం పైభాగాన ఇలా అచ్చువేసి ఉంది: "పేరు రాయవద్దు. మీరెవరో ఎవరికీ తెలియదు. నిజం వివరంగా రాయండి." రోల్ నంబరు విడిగా ఒక చీటీ మీద రాసి కవరులో పెట్టమన్నారు.

నేను నమ్మాను.

3. ముప్పై ఒకటో ప్రశ్న: "మీకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా? వచ్చినచో వివరించండి." వివరించడానికి రెండు గీతలు గీసి ఉన్నాయి. నాకు చాలలేదు. వెనకవైపు కూడా తిప్పి పేజీన్నర రాశాను. ఆ జవాబును ఇదివరకే నలభై రెండుసార్లు చదివే శ్రమ తమకు కలిగింది కాబట్టి ఇక్కడ సారాంశం మాత్రం మనవి చేస్తాను. ఆరో ఏట మొదలైంది. చివరిసారి వచ్చింది 14-7-93 ఉదయం, ఎనిమిదో తరగతిలో, కాన్వెంటు ప్రార్థన సమయంలో. పడబోయే ముందు నాకు తడి సున్నం వాసన వస్తుంది. సిస్టర్ ఫిలోమినా తన తాళంచెవుల గుత్తి నా ఎడమచేతిలో పెట్టారు. నాకు తెలివి వచ్చేసరికి బాలికలందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. నన్నెవరూ చూడకూడదని సిస్టర్ వాళ్ళ చేత అదే ప్రార్థన మళ్ళీ మళ్ళీ చెప్పించారట. ఆ రోజు నుంచి రాత్రిపూట ఒక మాత్ర. ఆ రోజు నుంచి మళ్ళీ రాలేదు. ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకు, సిస్టర్‌కు, ఇక్కడి డాక్టరు గారికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇంత నేను అంతకుముందు ఎవరికీ చెప్పి ఉండలేదు. రాసిన తరవాత ఆకలి వేసింది.

4. ఇప్పుడు మా తరగతిలోని ఒక అలవాటు గురించి తమకు విన్నవించక తప్పదు. ప్రాక్టికల్ జర్నల్ అందరూ రాయరు. ఒకరు రాస్తారు, మిగతావారు చూసి దించుకుంటారు. ఆ ఒకరు నేను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, స్పెల్లింగు తప్పులుండవు, అడిగితే కాదనలేను. నా జర్నల్ శనివారం ఉదయం హాస్టల్లో బయలుదేరి, అబ్బాయిల హాస్టలుకు వెళ్ళి, ఆదివారం సాయంత్రానికి నూనె మరకలతో తిరిగి వస్తుంది. పూర్తిచేసిన ప్రశ్నావళిని నేను ఆ వారం జర్నల్ మధ్యలో పెట్టి, మెస్సుకు వెళ్ళాను. నా పక్క మంచం ప్రభావతి ఎప్పటిలాగే జర్నల్ తీసుకుంది. దానిమీద పేరు లేదు. నా చేతిరాత ఉంది. అందుచేత అది కూడా రాయవలసిన పాఠమే అనుకున్నారు.

5. ఆ విధంగా సోమవారం ఉదయానికి నలభై రెండు మందికీ 14-7-93న ప్రార్థనలో మూర్ఛ వచ్చింది.

6. చూసి రాసేటప్పుడు దొరికిపోకుండా ఎక్కడో ఒక్క ముక్క మార్చాలని మా తరగతిలో నియమం. కాబట్టి ప్రమోద్ తేదీని 15-7-93 చేశాడు. కొందరు ఎడమచేతిని కుడిచేయి చేశారు. నాగేష్ తాళంచెవులు కొట్టివేసి ఉల్లిగడ్డ అని రాశాడు. అయితే బాలికల కాన్వెంటు అన్నది మార్చడం మరిచిపోయాడు. నాగేష్ ఆరడుగుల మనిషి. అతని కాగితం ప్రకారం ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు, బరువు నలభై ఒక్క కిలో. ముప్పై రెండో ప్రశ్న స్త్రీలకు మాత్రమే అని ఉన్నా పద్నాలుగు మంది అబ్బాయిలు దానికి కూడా నా జవాబే రాశారు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

7. ఒక సంగతి మాత్రం సమితి వారి దృష్టికి తేవాలి. ఇలాంటి మార్పులు తప్ప నలభై ఒక్కమందీ నా మాటలనే రాశారు. రాసేటప్పుడు ఒక్కరూ చదవలేదు. ప్రభావతి నా పక్క మంచం మీద కూర్చునే పేజీన్నరా దించుకుంది. మధ్యలో ఒకసారి తల ఎత్తి నా వైపు చూసింది. 

"ఇది ఎన్ లాగ ఉంది, హెచ్ లాగ ఉంది. ఏందే?" అని అడిగింది.

"హెచ్" అన్నాను. ఆమె చూస్తున్నది నా జర్నలే అనుకున్నాను.

8. కంప్యూటరు ప్రశ్నావళి గురించి: అది మార్చి 16న జరిగింది. కంప్యూటరు గది చల్లగా ఉంటుంది కాబట్టి చెప్పులు బయట విడవాలి. విద్యార్థులు కీబోర్డు ముట్టరాదు. ఆపరేటర్ ధనరాజ్ గారు తెరమీది ప్రశ్నను మరాఠీలో పైకి చదివి, మనం చెప్పిన జవాబు కొడతారు. ఏసీ మోత వల్ల ఆయన గట్టిగా చదవాలి. వరుసలో తరవాత ఎవరున్నారో కనబడాలి కాబట్టి తలుపు తెరిచి ఉంచాలి. నా వెనక ఇరవై ఐదు మంది ఉన్నారు. ఆయన మొదటి ప్రశ్న చదివేసరికే నా చెవులు మూసుకుపోయాయి. నేను "నాహీ" (లేదు) అన్నాను. రెండోదానికి "నాహీ" అన్నాను. అరవయ్యో ప్రశ్న దగ్గర కరెంటు పోయింది. మన ఊరి థర్మల్ స్టేషన్‌లో పుట్టిన కరెంటు ఆ పూట వేరే ఏ ఊళ్ళో ఉందో తెలియదు. వచ్చిన తరవాత చూస్తే నా జవాబులన్నీ పోయాయి. మళ్ళీ మొదటి నుంచి అడిగారు. మళ్ళీ అన్నింటికీ "నాహీ" అన్నాను. రెండోసారి సులువుగా వచ్చింది.

అందుచేత కంప్యూటరు ప్రకారం నాకు మూర్ఛ లేదు. ఆకలి, నిద్ర, కంటిచూపు కూడా లేవు. తల్లిదండ్రులు జీవించి లేరు.

9. తమ నోటీసు నకలు తల్లిదండ్రులకు కూడా పంపినందున మా నాన్నగారు మొదటి షిఫ్టు దిగి నేరుగా కళాశాలకు వచ్చారు. సంగతి కనుక్కుందామని నన్ను వెంటబెట్టుకుని కంప్యూటరు గది దగ్గర నిలబడ్డారు. ధనరాజ్ గారి ఊరు కోఠారి, తెలుగు మాట్లాడతారు. నా రోల్ నంబరు కొట్టి చూశారు.

"కాకా, మీరు ఈమెకు ఏమైతరు?"

"నాయిన్ని."

"నాయిన లేడని ఉన్నది గద."

"ఏడ ఉన్నది?"

"గీడ. కంప్యూటర్ల. నాయిన లేడు, అవ్వ లేదు."

"అరే, నేను గని కెల్లి సీదా వస్తున్న. మొఖం గూడ కడుక్కోలే. సూడు."

"మీరు కనవడుతున్నరు కాకా, నేను కాదంటలే. కని ఈమెనే చెప్పింది, నేను కొట్టిన. ఇగ దీంట్ల మార్చరాదు."

నాన్నగారు నా వైపు తిరిగారు. "ఏం బిడ్డా, నన్నెప్పుడు సంపినవ్?"

నేను తెరవైపు చూశాను.

"మీ అవ్వను గూడనా?"

తల ఊపాను.

"ఆమెకు చెప్పకు. నాతోటి తను గూడ పోయిందని తెలిస్తే ఊకోదు."

తరవాత బస్టాండు వరకు నడిచాము. ఎవరికీ చెప్పవద్దని నా ఆరో ఏట నుంచి చెబుతూ వచ్చింది ఆయనే. తిడతారనుకున్నాను. బస్టాండు కనబడ్డాక అడిగారు: "కాయితం మీద అంత రాసినవా?"

"ఆ."

"ఎంత?"

"పేజీన్నర."

"నాకైతే గంత చెప్పలే ఎన్నడు" అన్నారు. బస్సు వచ్చింది.

10. తమ నోటీసు గురించి గౌరవపూర్వకంగా మనవి. కాగితం జవాబులు నలభై రెండింటికి నలభై రెండూ ఏకీభవించినందున కాగితమే నమ్మదగినదని, కంప్యూటరు జవాబులు మనిషికొక విధంగా ఉన్నందున నమ్మదగినవి కావని సమితి తేల్చింది. లెక్క ప్రకారం అది సరైనదే. దాని ఫలితంగా మా తరగతి మొత్తానికి మూర్ఛవ్యాధి నిర్ధారణ అయింది. ఎవరూ మేడ ఎక్కరాదు, సైకిలు తొక్కరాదు, ల్యాబులో దీపం వెలిగించరాదు. దీపం వెలగనిదే ప్రాక్టికల్ లేదు. ల్యాబు గోడకు తాళంచెవుల గుత్తులు రెండు, ఉల్లిగడ్డ ఒకటి వేలాడదీశారు. రోగులు తామే రాసి ఇచ్చిన అనుభవాన్ని బట్టి అలా చేశామని ల్యాబు అటెండరు చెప్పాడు. ఉల్లిగడ్డ మొలకెత్తింది.

వీటన్నింటికీ మేము ఓర్చుకోగలము. కానీ నాగపూర్‌లోని నరాల డాక్టరు గారి ధ్రువపత్రం తెచ్చినవారికే మే 3న మొదలయ్యే పరీక్షకు హాలు టికెట్ ఇస్తామన్నారు. ఆయన వారానికి మూడు రోజులు, రోజుకు నలుగురు కొత్తవారిని చూస్తారట. మేము నలభై రెండు మందిమి. బయటి రోగులు కూడా ఉంటారు కదా.

11. మొన్న బుధవారం క్యాంటీన్‌లో తరగతివారంతా నన్ను కూర్చోబెట్టారు. నాగేష్ రాజూరా తాలూకా తెలుగువాడు, మాట నేర్పరి. ముందే టైపు చేయించిన కాగితం ఒకటి నా ముందు పెట్టాడు. ముప్పై ఒకటో జవాబు నేను సరదాకి కల్పించి రాశానని, నాకు గాని ఎవరికి గాని మూర్ఛ లేదని అందులో ఉంది.

"ఒక్క సంతకం నిర్మలా. అందరం బతికి బయటపడ్తం."

ప్రమోద్ చేతులు జోడించాడు. "మా ఆయీ దేవుడికి మొక్కింది. ఇంటికి పోతే నా చేతిల తాళంచెవి పెట్టి పండవెడుతుంది. ప్లీజ్."

"అయినా గట్లెట్ల రాసినవ్?" అన్నాడు నాగేష్. "సున్నం వాసన గిట్ల. కథలు రాస్తవా ఏంది? నేనైతే నమ్మిన. రెండు దినాలు నాక్కూడ వాసనొచ్చింది."

"వాళ్ళ హాస్టలుకు సున్నమేసిండ్రు, గందుకు" అంది ప్రభావతి. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వడానికి ప్రయత్నించాను.

అప్పుడు ప్రభావతి నా వైపు చూసింది. ఈసారి అక్షరం అడగడానికి కాదు.

"నిర్మలా, నువ్వు రాత్రి ఏసుకునే గోలీ... విటమిన్ అన్నవ్ గద?"

నేను కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను.

"విటమినే గదనే?"

 నాగేష్ టైపు కాగితాన్ని మెల్లగా వెనక్కి లాక్కుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. పాపం, అతనికి కూడా పరీక్ష ఉంది.

12. నేను ఆ కాగితం మీద సంతకం చేయలేను. కారణం గొప్పది కాదు. లేదని సంతకం చేస్తే అది నా ఫైలులో నాలుగున్నరేళ్ళు ఉంటుంది. ఎప్పుడైనా వార్డులోనో, ఆపరేషన్ గదిలోనో నాకు సున్నం వాసన వస్తే, పక్కన ఉన్నవారికి నన్ను ఎలా పడుకోబెట్టాలో తెలిసి ఉండాలి. తెలియకపోతే చేతిలో తాళంచెవి పెడతారు. దానివల్ల ఏమీ కాదని నాకు తెలుసు. ఆ రోజు నా తల గచ్చుకు తగలకుండా సిస్టర్ తన ఒడిలో పెట్టుకున్నారు. పనిచేసింది అది. ఆ వాక్యం కూడా రాశాను. మా తరగతిలో చివర్లో రాసినవారికి ఓపిక లేక దానిని వదిలేశారు. సమితి వారు తాళంచెవులనే లెక్కలోకి తీసుకున్నారు.

13. మంగళవారం ఇరవయ్యో తేదీన పెద్ద హాలులో అందరి ఎదుట మమ్మల్ని ఒక్కొక్కరిని పిలిచి, "ఉందా, లేదా" అని అడుగుతారని, మైకు ఏర్పాటు ఉంటుందని బోర్డులో చూశాను. నేను మైకులో ఏమి చెబుతానో నాకు ఇప్పుడే తెలుసు. "నాహీ" అంటాను. కరెంటు పోయి మళ్ళీ అడిగినా అదే అంటాను. అప్పుడు తమకు కాగితం ప్రకారం నలభై రెండు, మైకు ప్రకారం సున్న వస్తాయి. రెండూ తప్పే. సరైన సంఖ్య ఒకటి.

14. కాబట్టి తమరు దయతో,

(అ) మిగతా నలభై ఒక్కమంది నుంచి నా మూర్ఛను, 14-7-93వ తేదీని, సిస్టర్ ఫిలోమినాను, నా ఎత్తు బరువులను తొలగించి, వారిని వెంటనే పరీక్షకు అనుమతించవలెను. పద్నాలుగు మంది అబ్బాయిల విషయంలో ముప్పై రెండో జవాబును కూడా.

(ఆ) అవన్నీ నాకు తిరిగి ఇప్పించవలెను. అవి నావి. ఆరో ఏట నుంచి నా దగ్గరే ఉన్నాయి.

(ఇ) ఐదేళ్ళ తొమ్మిది నెలలుగా మూర్ఛ రాలేదని, చదువుకు అడ్డం లేదని ఇక్కడి మా డాక్టరు గారు రాసి ఇచ్చిన ఉత్తరం జతచేశాను. దానిని అంగీకరించి నాకు హాలు టికెట్ ఇప్పించవలెను. మూర్ఛ ఉన్నవారు వైద్యం చదవకూడదనే నియమం ఏదైనా ఉంటే, దాని నంబరు తెలియజేయవలెను. గ్రంథాలయంలో రెండు రోజులు వెతికాను, దొరకలేదు.

(ఈ) నన్ను మైకులో అడగకుండా ఈ కాగితాన్నే నా జవాబుగా తీసుకోవలెను.

(ఉ) మా తల్లిదండ్రులను కంప్యూటరులో బతికించవలెను.

15. సమితి వారు నన్ను అడగలేదు కాని, ఏది మేలు అన్న ప్రశ్నకు నా వరకు జవాబు ఇది. కాగితమైనా కంప్యూటరైనా నాకు ఒకటే. ధనరాజ్ గారు కీబోర్డు నాకిచ్చి, తలుపు దగ్గరికి వేసి, ఒక్క పావుగంట టీకి వెళ్ళి ఉంటే ఆ మిషన్‌కు కూడా పేజీన్నర చెప్పి ఉండేదాన్ని.

పై సంగతులు తమరొక్కరే చదువుకొని చిత్తగించవలెనని ప్రార్థిస్తూ,

తమ విధేయురాలు, ఒక్కతె,
బి. నిర్మల
మొదటి సంవత్సరం, రోల్ నంబరు 17

జత: డాక్టరు గారి ఉత్తరం, ఒకటి.

తా.క. ఇది తమ కార్యాలయం కౌంటరు దగ్గర, గుమాస్తా గారి పెన్నుతో రాస్తున్నాను. అర్జీ తీసుకోవాలంటే రిజిస్టరులో విషయం రాయాలట. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఏమిటని అడిగారు. వ్యక్తిగతం అన్నాను. అలాంటి విషయం లేదన్నారు. సెలవు, ఫీజు, హాస్టలు, జబ్బు, ఇతరములు, ఇంతే ఉన్నాయి. ఇతరములు అన్నాను. అయితే ఆ ఇతరమేమిటో రాయాలన్నారు. నా వెనక వరుసలో తొమ్మిది మంది ఉన్నారు. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. ఐదు గంటలకు కౌంటరు మూస్తారు.

"మూర్ఛ" అన్నాను.

టైపు మిషన్ల చప్పుడులో ఆయనకు వినబడలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి బయట వరండాలో ఉన్నవాళ్ళకు కూడా వినబడింది. ఆయన తల ఎత్తకుండా రాసుకుని, "రద్దు చేయించుకోవడానికా, పొందడానికా?" అని అడిగారు. ఆయన దగ్గరికి వచ్చే అర్జీలన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకటేనట.

"పొందడానికి" అన్నాను.

"నీకేనా?"

"నాకే."

ముద్ర వేశారు. నంబరు 412. తమరు జవాబు రాసేటప్పుడు ఆ నంబరు ఉదహరించవలెను. మంగళవారం మైకు సంగతి తమ ఇష్టం. హాలు టికెట్లు ఇరవై ఎనిమిది నుంచి ఇస్తారని ఇక్కడ అంటించి ఉంది. ఆ రోజు వరుసలో నేను ఉంటాను.